లోపాల గడి

పోర్ట్ అడిలైడ్‌లో, రేవు వెనక వీధిలో,
ఒకప్పటి ఉన్ని గోదాము మూడో అంతస్తులో నా ఉద్యోగం.
పాత టేపుల్ని పొయ్యిలో పెట్టి కాల్చడం.
కాల్చడమంటే మరీ కాల్చడం కాదు లెండి,
యాభై నాలుగు డిగ్రీలు, ఎనిమిది గంటలు,
మెత్తబడ్డ అప్పడాల్ని మళ్లీ ఎండకు పెట్టినట్టు.
ఆ తర్వాత కొద్ది రోజులు మాత్రం
అవి మాట్లాడతాయి.

ఈ నెల వంతు "వీల్ నైన్".
పేరు వినలేదా? ఎవరూ వినలేదు.
డెబ్భై రెండులో, బుధవారం రాత్రులు, ఇరవై ఆరు వారాలు
ఆకాశంలో తిరిగే ఒక చక్రంలో
నూట పది మంది కాపురం.
గ్రహాంతరవాసుల్లేరు. తుపాకి ఒక్కటీ పేలదు.
నాలుగో భాగమంతా ఒక కుళాయి కారుతుంది.
ఉల్లిపాయల కోటా మీద పోట్లాడుకుంటారు,
పక్కగదివాడి గురక మీద ఫిర్యాదు రాస్తారు,
ఒకావిడ కిటికీ ఉన్న గది కోసం పదకొండేళ్లు వరసలో ఉండి
తీరా దక్కాక తెర వేసేసుకుంటుంది,
కళ్లు తిరుగుతున్నాయని.

"ఏమీ జరగదు" అని ఆనాటి పత్రిక తేల్చేసింది.
నిజమే. కాపురాల్లో ఏం జరుగుతుంది గనక.

ఇరవై ఆరింట్లో మిగిలినవి ఏడు.
తక్కినవాటి మీద లాన్ బౌల్స్ పోటీలు ఎక్కించేశారు,
టేపు ఖరీదు మరి.

మెర్ల్ హాడ్రిక్‌కి ఎనభై ఆరు.
సెమఫోర్ నుంచి బస్సెక్కి వస్తుంది,
మొహాలు గుర్తుపట్టి పేర్లు చెప్పడానికి.
పేర్లు చెప్పదు. వస్తువులు చెబుతుంది.
"ఆ గుండ్రటి కిటికీలు లాండ్రీ మిషన్ల తలుపులు.
చుక్కలా? నల్ల టార్పాలిన్‌కి నేను పొడిచిన చిల్లులు, వెనక బల్బులు.
ఎడమ పక్కది మాడిపోయింది, చూడు, ఎవరూ మార్చలేదు."
ఈ గోదాములోనే తీశారట, కింది అంతస్తులో.
ఆ నేలకి ఇప్పటికీ గొర్రెబొచ్చు జిడ్డు వాసన.
అంతరిక్షమంటే ఆవిడకి ఆ వాసనే.

పదకొండో భాగం.
చక్రంలోనే పుట్టిన పిల్లాడు, టోబిన్,
తల్లిని అడుగుతాడు: గాలి అంటే ఏమిటి?
నేను రీలు ఆపేశాను.
ఇంగ్లీషులో రెండింటికీ రెండు మాటలు.
మనకి ఒకటే.
గొట్టాల్లోంచి లెక్కగా వచ్చి వాణ్ణి బతికిస్తున్నదీ గాలే,
వాడు పుట్టి బుద్ధెరిగి మొహానికి తగలనిదీ గాలే.
గాలిలో మునిగి గాలి కోసం అడుగుతున్నాడు.
ఈ ముక్క మెర్ల్‌కి ఎలా చెప్పాలో తెలియక
టీ పెట్టాను.

తెర మీద తల్లి జవాబు చెప్పదు.
మంచం మీది దుప్పటి లాగి
రెండు కొసలూ పట్టుకుని విదిలిస్తుంది.
విదిలిస్తూనే ఉంటుంది, చేతులు పీకేదాకా,
వాడు కళ్లు మూసుకుని ఎదురుగా నిలబడి ఉంటాడు.
"నా దుప్పటే," అంది మెర్ల్. "తిరిగివ్వలేదు వెధవలు."

పన్నెండో భాగం లేదు.
ఉన్నది లాన్ బౌల్స్: తెల్లటోపీల ముసలాళ్లు, పచ్చిక, చప్పట్లు.
అలవాటుగా చివరిదాకా వదిలేశాను.
చప్పట్లయ్యాక తెర చిరిగినట్టయి
అడుగు నుంచి, చెరపడం మరిచిన చోటు నుంచి,
వాడొచ్చాడు.
పద్నాలుగు సెకన్లు.
ఖాళీ నడవలో, వేలు నోట్లో పెట్టి తడిపి,
పైకెత్తి నిలబడ్డాడు.
ఎవరు నేర్పారో.

మెర్ల్ కప్పు కింద పెట్టింది.
"స్క్రిప్టులో ఏమీ రాదు," అంది. "వాడలా నిలబడాలి, అంతే.
కానీ ఆ రోజు ఎండ మండిపోతోంది,
రేవు వైపు తలుపు ఎవరో తెరిచి పెట్టారు."

మళ్లీ తిప్పాను.
వాడి నుదుటి మీది జుట్టు, ఒక్క పాయ,
లేచింది. పడింది.

పనయ్యాక కాగితం నింపాలి నేను:
టేపు సంఖ్య, నిడివి, శబ్దం, లోపాలు.
లోపాల గడి చిన్నది. తెలుగులోనే రాశాను:
తొమ్మిదో సెకను. గాలి.